మే 29: ఆ రోజు ఏం జరిగిందంటే...

ఓ బ్యాలే అల్లరిపాలైంది. ఓ శిఖరం తలవంచింది. ఓ కవి, ఓ నటుడు సెలవు తీసుకున్నారు. సంవత్సరాలు వేరైనా తేదీ మాత్రం ఒకటే!

1913: పారిస్‌లోని షాంజెలీజే థియేటర్. స్ట్రావిన్‌స్కీ సంగీతంతో 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్' బ్యాలే తొలి ప్రదర్శన. మొదలైన కాసేపటికే నవ్వులు, ఈలలు, కేకలు. ఆ గోలలో నర్తకులకు సంగీతమే వినపడలేదు. నృత్య దర్శకుడు నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి అంకెలు అరిచి చెబుతుంటే వాళ్లు అడుగులు వేశారు. ఏడాది తిరక్కుండానే అదే నగరంలో ఆ సంగీతాన్ని కచేరీగా విన్న జనం స్ట్రావిన్‌స్కీని భుజాలమీదికి ఎత్తుకున్నారు! ఆ బ్యాలేకు రంగాలంకరణ చేసిన చిత్రకారుడు నికొలస్ రోరిక్ తర్వాత కులూ లోయలో స్థిరపడి హిమాలయాలను గీశాడు. మన వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి ఆయన కుమారుడినే పెళ్లాడింది.

1953: రోరిక్ కుంచెకు ప్రాణమైన ఆ హిమాలయాల్లోనే మనిషి ఎవరెస్టు ఎక్కాడు. మూడు రోజుల ముందు అదే బృందంలోని ఎవాన్స్, బోర్డిలన్ మరో 300 అడుగులు ఉందనగా వెనుదిరిగారు. తర్వాతి వంతు హిల్లరీ, టెన్సింగ్‌లది. ఆ ఉదయం హిల్లరీ బూట్లు గడ్డకట్టుకుపోయాయి. వాటిని స్టవ్‌మీద కాచి మెత్తబరిచేసరికి రెండు గంటలు పట్టింది. 11.30కి శిఖరం చేరారు. ఉన్నది పావుగంట. టెన్సింగ్ మిఠాయిలను మంచులో పాతి దేవతలకు నైవేద్యం పెట్టాడు. అక్కడ దిగిన ప్రఖ్యాత ఫొటోలో ఉన్నది టెన్సింగ్ ఒక్కడే. తీసింది హిల్లరీ. కిందికి రాగానే ఒకటే ప్రశ్న: ముందు కాలు పెట్టిందెవరు? ఇద్దరం కలిసే అని దాటవేశారు. చివరికి టెన్సింగే తన ఆత్మకథలో ముందున్నది హిల్లరీ అని చెప్పేశాడు. 1935లో మోతకూలీగా ఎవరెస్టు దారి పట్టిన ఆయనకు తను పుట్టిన తేదీ తెలియదు. అందుకే మే 29నే పుట్టినరోజు చేసుకున్నాడు.

1958: స్పెయిన్ కవి హువాన్ రామోన్ హిమెనెజ్ ప్యూర్టోరికోలో కన్నుమూశాడు. అంతర్యుద్ధం మొదలైన 1936లో దేశం వదిలిన ఆయన మళ్లీ వెనక్కి వెళ్లలేదు. 1956లో నోబెల్ వచ్చింది. ప్రకటించిన మూడు రోజులకే భార్య సెనోబియా మరణించింది. టాగోర్ రచనలను స్పానిష్ పాఠకులకు అందించింది ఆమే.

1972: 'మొఘల్-ఎ-ఆజమ్'లో అక్బర్ పాత్రధారి పృథ్వీరాజ్ కపూర్ ఆఖరి రోజు. తెరమీద చక్రవర్తి అయినా, తన పృథ్వీ థియేటర్స్ నాటకం ముగియగానే ద్వారం దగ్గర జోలె పట్టుకు నిలబడేవాడు. ఆ డబ్బు ఇతరుల కోసం! చనిపోయాక ఆయనకు ఫాల్కే అవార్డు ఇచ్చారు. ఆ పురస్కారం మొట్టమొదట అందుకున్నదెవరో తెలుసా? ఆ వాల్తేరు అమ్మాయి దేవికారాణే!