పొగిడితే కడుపు నిండదు

2024 డిసెంబరులో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో ఒక ముసలామె కన్నుమూసింది. పేరు కాథ్ ఫిప్స్. వయసు 85 ఏళ్లు. ఆమె రాణీ కాదు, మంత్రీ కాదు. బంతిని కాలితో తన్నిన మనిషి కూడా కాదు. మాంచెస్టర్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బులో వాకిలి దగ్గర బల్ల ముందు కూర్చుని, వచ్చినవాళ్లను పలకరించి, ఫోను ఎత్తి, ఉత్తరాలు అందుకునే ఉద్యోగి. ఆ పనిలో 1968లో చేరింది. ఎనభై దాటినా మానలేదు. యాభై ఏళ్ల పైచిలుకు కొలువు ఆమెది.

ఆమె పోయిందని తెలిసి కోట్లకు పడగలెత్తిన ఆటగాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. లోకమంతా పేరున్న డేవిడ్ బెక్‌హామ్, తాను కుర్రాడిగా ఆ గడప తొక్కిన నాటినుంచీ తనను కనిపెట్టి చూసుకున్న మనిషని ఆమెను తలుచుకున్నాడు.

'ఎక్కడో ఇంగ్లండులో ముసలామె పోతే మనకేంది?' అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. ఆమె చావు పక్కనే ఇంకో కథ నడిచింది. ఆ రెండూ కలిపి చూస్తే పనిచేసేవాళ్లందరికీ పనికొచ్చే పాఠం ఒకటి వుంది. అందుకే రాస్తున్నాం.

ముందు ఆ క్లబ్బు సంగతి. ఇవాళ దాన్ని శ్రీమంతుల సొత్తు అంటున్నారు గానీ, దాన్ని పుట్టించింది శ్రీమంతులు కాదు. 1878లో న్యూటన్ హీత్ అనే చోట రైలు పెట్టెలు చేసే కార్ఖానా కార్మికులు పని దిగాక ఆడుకోవడానికి పెట్టుకున్న జట్టు అది. మసి చేతులోళ్ల జట్టు. 1902లో అప్పుల్లో మునిగి మూతపడబోతుంటే ఒక బీరు వ్యాపారి డబ్బు పెట్టి నిలబెట్టాడు. అప్పుడే మాంచెస్టర్ యునైటెడ్ అని పేరు మారింది. 1910లో ఓల్డ్ ట్రాఫర్డ్ అనే సొంత మైదానానికి చేరింది.

ఆ క్లబ్బు చరిత్రలో మానని గాయం ఒకటుంది. 1958 ఫిబ్రవరి 6న బెల్‌గ్రేడ్‌లో ఆట ముగించుకుని తిరిగొస్తుంటే, జర్మనీలోని మ్యూనిక్ విమానాశ్రయంలో విమానం పైకి లేవబోతూ కూలిపోయింది. మొత్తం 23 మంది పోయారు. అందులో 8 మంది ఆటగాళ్లు. వాళ్ల పేర్లు అక్కడి పిల్లలు కూడా చెబుతారు. కానీ ఆ చావుల్లో ఆట ఆడనివాళ్లూ వున్నారు. క్లబ్బు కార్యదర్శి వాల్టర్ క్రిక్మర్ వున్నాడు. ట్రైనర్ టామ్ కరీ వున్నాడు. కోచ్ బర్ట్ వేలీ వున్నాడు. క్రిక్మర్ 1926 నుంచి కార్యదర్శి. మేనేజరు లేని రోజుల్లో జట్టును కూడా తనే నడిపాడు. ఆట గెలిస్తే ఫొటోలో వుండేది ఆటగాళ్లే. విమానం కూలితే మాత్రం అందరూ ఒక్కటే.

అలాంటి క్లబ్బులోకి, ఆ ప్రమాదం జరిగిన పదేళ్లకు కాథ్ ఫిప్స్ అడుగుపెట్టింది. ఆ ఏడాదే, 1968 మే నెలలో, క్లబ్బు యూరప్ కప్పు గెలిచింది. చావు నుంచి లేచి గెలిచిన మేనేజరు మ్యాట్ బస్బీ ఇంకా కుర్చీలోనే వున్నాడు. జార్జ్ బెస్ట్ అనే ఆటగాడికి జనం రాసే ఉత్తరాలు వచ్చిపడుతుంటే, జవాబులు పంపే పనిలో ఆమె చెయ్యి వేసింది. బస్బీ పోయాడు. ఫెర్గూసన్ 1986లో వచ్చి 2013 దాకా ఏలాడు, దిగిపోయాడు. ఆ తర్వాత ఎంతమందో వచ్చారు, పోయారు. డజను మందికి పైగా మేనేజర్లు మారినా, వాకిట్లో బల్ల ముందు మనిషి మారలేదు.

ఆమె పనేంటో ఒక్కసారి ఊహించండి. పదిహేనేళ్ల పిల్లోడు ఊరు వదిలి, సంచి పట్టుకుని ఆ పెద్ద గేటు లోపలికి వస్తాడు. కాళ్లు వణుకుతుంటాయి. వెనకాల తల్లి వుంటుంది. కొడుకును కొత్తచోట వదిలిపోతున్న తల్లికి కావలసింది ఏంటి? 'నేనున్నా, చూసుకుంటా' అనే ఒక్క మాట. ఆ మాట మేనేజరు చెప్పడు, ఆయనకు తీరిక వుండదు. యజమాని చెప్పడు, ఆయనకు ఆ పిల్లోడి పేరే తెలియదు. వాకిట్లో కూర్చున్న మనిషే చెప్పాలి. హాస్టల్లో పిల్లల్ని వదిలొచ్చిన ప్రతి తల్లికీ ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. వార్డెను మొహం గుర్తుండకపోవచ్చు. అన్నం వడ్డించిన వంటమ్మ మొహం జీవితాంతం గుర్తుంటుంది.

ఈ పనికి జమా ఖర్చుల పుస్తకంలో పద్దు లేదు. కొన్న ఆటగాడికి ఎంత పోశారో లెక్క రాస్తారు. అమ్మిన టిక్కెట్టు లెక్క రాస్తారు. బెదిరిన పిల్లోడికి ధైర్యం చెప్పిన పూట లెక్క ఏ పుస్తకంలోనూ రాయరు. రాయని పనికి విలువ లేదనుకోవడం యజమానుల గుణం. ఆ పని లేకుండా ఒక్కరోజు నడిపి చూస్తే గానీ వాళ్లకు తెలిసిరాదు.

ఇక రెండో కథ.

2005లో గ్లేజర్లనే అమెరికా కుటుంబం ఆ క్లబ్బును కొన్నది. కొనడానికి తెచ్చిన అప్పులో ఎక్కువ భాగం క్లబ్బు నెత్తినే పెట్టింది. అంటే దొర అప్పు చేస్తే పాలేరు తీర్చినట్టు. 2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ అనే మహా శ్రీమంతుడు పావు వంతుకు పైగా వాటా కొని, ఆటకు సంబంధించిన పెత్తనం చేతికి తీసుకున్నాడు. లెక్కలు చూస్తే నష్టాలు. 2024 జూన్‌తో ముగిసిన ఏడాదికి 11 కోట్ల 32 లక్షల పౌండ్ల నష్టం. నిజమే, ఇది చిన్న సంగతి కాదు. క్లబ్బు మునిగితే అందులో పనిచేసేవాళ్లూ మునుగుతారు. ఖర్చు తగ్గించక తప్పదు. ఒప్పుకుంటాం. మరి కత్తెర ఎక్కడ పడింది?

2024 జూలైలో 250 ఉద్యోగాలు తీసేస్తామన్నారు. 2025 ఫిబ్రవరిలో ఇంకో 150 నుంచి 200 దాకా పోతాయన్నారు. మొత్తం వున్నదే వెయ్యిన్నర లోపు మంది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఉద్యోగులకు మధ్యాహ్నం అన్నం పెట్టే క్యాంటీను మూసి, దాని బదులు పండ్లు పెడతారని పత్రికల్లో వచ్చింది. పొద్దుటినుంచి పనిచేసిన మనిషి ఆకలికి ఒక అరటిపండు!

ఇదే రోజుల్లో ఇంకో లెక్క చూడండి. ఎరిక్ టెన్ హాగ్ అనే మేనేజరుకు 2024 జూలైలో ఒప్పందం పొడిగించారు. అక్టోబరులో తీసేశారు. డాన్ యాష్‌వర్త్ అనే పెద్ద అధికారిని జూలైలో తెచ్చుకున్నారు. డిసెంబరులో, అయిదు నెలలకే, పంపించేశారు. ఈ ఇద్దరినీ, టెన్ హాగ్ మనుషులనూ సాగనంపడానికి అయిన ఖర్చు 1 కోటి 45 లక్షల పౌండ్లు. పెద్దలు తప్పు లెక్క వేస్తే సంచి నిండా డబ్బు పోసి సాగనంపారు. తప్పు చేయనివాళ్ల పళ్లెం మాత్రం లాగేశారు.

పెద్దల ఖర్చూ తగ్గించారు గదా అని కొందరంటారు. ఫెర్గూసన్‌కు ఏటా యిచ్చే పెద్ద మొత్తాన్ని కూడా ఆపేశారు, నిజమే. కానీ ఫెర్గూసన్‌కు ఆ డబ్బు ఆగితే సాయంత్రం పొయ్యి ఆరిపోదు. వంటశాలలో గరిటె తిప్పే మనిషికి ఉద్యోగం పోతే పోయేది పొయ్యే. కోత అందరికీ ఒకటే అనడం, ఏనుగు మీదా ఎలక మీదా ఒకే బరువు పెట్టి సమానత్వం అనడం లాంటిది.

ఇప్పుడు రెండు కథలూ కలిపి చూడండి. ఒకే ఏడాది. ఒకే క్లబ్బు. వాకిట్లో కూర్చున్న ఒకామె చనిపోతే ఆమే మా గుండెకాయ అన్నారు. అలాంటి పనులే చేసే వందలమంది బతికుంటే అదనపు ఖర్చు అన్నారు. ఏడ్చినవాళ్ల ఏడుపు అబద్ధమని మేం అనం. బెక్‌హామ్ కన్నీళ్లు నిజమే అయివుంటాయి. కానీ ఏడ్చినవాళ్లు వేరు, కత్తెర పట్టినవాళ్లు వేరు. కత్తెర పట్టిన చేతిని ఆ కన్నీళ్లు ఆపలేకపోయాయి. పాఠం అక్కడుంది.

ఇంకో ఉదాహరణ. 2025 మే నెలలో ఆ జట్టు స్పెయిన్‌లోని బిల్బావోలో యూరప్ స్థాయి ఫైనల్ ఆడింది. జట్టు వెంట పనిచేసే వాళ్లలో ముప్ఫై మంది దాకా తమ కుటుంబాలను తీసుకెళ్లడానికి టిక్కెట్లకు క్లబ్బు డబ్బు యివ్వలేదు. అప్పటి మేనేజరు రూబెన్ అమోరిమ్ తన జేబులోంచి కట్టాడు. మంచి మనిషి. దండం పెట్టొచ్చు. కానీ ఆలోచించండి. మంచి మనిషి వుంటే టిక్కెట్టు దొరికింది, లేకపోతే? మేనేజర్లు ఏడాదికొకడు మారే చోట, ఆయన వెంటే ఆయన మంచితనమూ పోతుంది. దయ వేరు, హక్కు వేరు. దయ ఇచ్చేవాడి చేతిలో వుంటుంది. హక్కు పుచ్చుకునేవాడి చేతిలో వుంటుంది. దయ చెయ్యి ముడుచుకుంటే అడగడానికి వీల్లేదు. హక్కు ఎగ్గొడితే నిలదీయొచ్చు.

దయకూ గౌరవానికీ మధ్య అగాధం ఎంత లోతో తెలియాలంటే మన దేశం చాలు. పల్వంకర్ బాలూ అని ఒకాయన. చమార్ కులంలో పుట్టాడు. వంద ఏళ్ల కిందటి మాట. ఆట ఫుట్‌బాల్ కాదు, క్రికెట్టు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి మైదానం చదును చేసి, వలలు కట్టి, దొరలు బ్యాటు పట్టి సాధన చేసుకోవడానికి బంతులు విసిరేవాడు. ఆ బంతులు విసిరీ విసిరీ దేశంలోనే మేటి బౌలరయ్యాడు. హిందువుల జట్టుకు ఆయన లేకపోతే గెలుపు లేదు. అందుకని జట్టులోకి తీసుకున్నారు. ఆయన ముట్టిన బంతిని అందరూ ముట్టారు. టీ వేళకు మాత్రం ఆయన్ని బయట నిలబెట్టి, పారేసే మట్టి ముంతలో టీ పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు తీసుకొచ్చినవాడికి కెప్టెనుగా నిలబడే యోగ్యత లేదన్నారు. చెయ్యి కావాలి, మనిషి వద్దు. పని మీద ప్రేమ వుంటే మనిషి మీద గౌరవం వున్నట్టే అనుకునేవాళ్లు ఆ మట్టి ముంతను గుర్తుంచుకోవాలి.

కాథ్ ఫిప్స్‌ను ఎవరూ ముంతతో బయట నిలబెట్టలేదు. ఇంగ్లండులో కులం లేదు, తరగతి వుంది. రెండూ ఒకటే అని మేం అనం. ఆమె మీద జాలి పడాల్సిన పని కూడా లేదు. ఇష్టపడి చేసింది, తలెత్తుకుని చేసింది. అయితే అన్నేళ్లు ఒకేచోట ఒకామె ఎలా నిలబడగలిగింది? రేపు ఉద్యోగం వుంటుందన్న భరోసా వుండబట్టి. వచ్చిన పిల్లోడి పేరు గుర్తుపెట్టుకోవాలంటే ఆ పిల్లోడు పెద్దయ్యేదాకా ఆమె అక్కడ వుండాలి గదా. ఏటా మనుషుల్ని ఏరిపారేసే చోట ఇంకో కాథ్ ఫిప్స్ పుట్టదు. చనిపోయినామెకు దండ వేసి, అలాంటి మనుషులు తయారయ్యే నేలను దున్నిపారేస్తే, అది జ్ఞాపకం చేసుకోవడం కాదు.

చివరగా మన మాట. పరాయి వాకిలి గురించి ఇంత మాట్లాడి మన వాకిలి చూసుకోకపోతే తప్పు. మన సంఘాల్లో, మన మీటింగుల్లో ఎవరో ఒకరు ముందొచ్చి చాపలు పరుస్తారు. ఎవరో కుండలో నీళ్లు నింపుతారు. ఎవరో రాత్రంతా పోస్టర్లకు మైదా ఉడకబెడతారు. స్టేజీ మీద మాట్లాడినవాడి పేరు కరపత్రంలో వస్తుంది. మైదా ఉడకబెట్టినామె పేరు రిజిస్టరులో కూడా వుండదు. ఆమె పోయినరోజు మనం కూడా 'ఎంత మంచి మనిషో' అంటాం.

అలా అనే ముందు మూడు పనులు చేద్దాం. ఆమె పేరు ఇవాళే రిజిస్టరులో రాయండి. ఆమె తిన్నదా లేదా అని మీటింగు మొదలయ్యే ముందు అడగండి, అయిపోయాక కాదు. లెక్కలు చెప్పేటప్పుడు, నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆమెను లోపల కూర్చోబెట్టండి. ఇందుకు కోట్లు అక్కర్లేదు.

కాథ్ ఫిప్స్‌కు మా దండాలు. ఆమె కూర్చున్న క్లబ్బులో, ఇప్పుడు అరటిపండు చేతపట్టుకుని పనికి పోతున్నవాళ్లకు మా మద్దతు.