ఆఖరి మనిషికి తోడు

జపాను వాళ్ళ బొమ్మల కథలకు మాంగా అని పేరు. ఇప్పుడు మన పిల్లలు కూడా ఎగబడి చదువుతున్నారు. మన లెక్కన చివరి అట్ట దగ్గర మొదలుపెట్టి, కుడినుంచి ఎడమకు చదువుకుంటూ పోతారు. పెద్దవాళ్ళు చూసి, "చదువు కూడా తలకిందులయిందా?" అని విసుక్కుంటారు. విసుక్కోవటం పెద్దల హక్కు గనుక నేనడ్డు రాను. కాని విసుక్కోబోయేముందు ఆ పుస్తకం ఒకటి తెరిచి చూడండి. వాటిల్లో ఒక తరహా కథ వుంది: లోకమంతా నాశనమైపోతుంది, ఒకే ఒక్క మనిషి మిగులుతాడు, వాడి తిప్పలు చూసి మనం నవ్వుతాం. ఇంతకన్నా ఏడవవలసిన సంగతి ఇంకేముంది? మరి నవ్వెలా వస్తోంది?

మాంగాకు పెద్దదిక్కు ఒసాము తెజుకా. వైద్యం చదివి బొమ్మల్లో పడ్డ మనిషి. ఆయన ‘ఫీనిక్స్’ కథల్లో ‘భవిష్యత్తు’ అనే భాగం 1967, 68లలో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కాలం 3404వ సంవత్సరం. మనుషులు భూమి లోపల ఐదు నగరాల్లో తలదాచుకుని, ఆలోచించే పనిని కూడా యంత్రాలకే అప్పగించి కూర్చుంటారు. రెండు నగరాల యంత్రాలు మాటామాటా అనుకుని యుద్ధం తెస్తాయి. ఐదు నగరాలూ పోతాయి. మసాటో అనే యువకుడొక్కడికే చావు లేకుండా వరమొస్తుంది. వరమో శాపమో మీరే చెప్పండి. ఎవరో మనిషిని నిద్రపుచ్చి దాచిన గది ఒకటి అతని కంటబడుతుంది. అది తెరుచుకోవటానికి ఐదువేల ఏళ్ళు పడుతుంది. ఐదువేల ఏళ్ళూ ఆ తలుపు దగ్గర కాచుకుంటాడు. తీరా తెరుచుకుంటే లోపల దుమ్ము!

తరువాత సముద్రంలో ప్రాణి మళ్ళీ పుడుతుంది. ఈసారి తెలివి వచ్చేది కోతులకు కాదు, గుల్ల లేని నత్తలకు. అవి పట్టణాలు కడతాయి, జట్లుగా చీలుతాయి, యుద్ధాలు చేసుకుని తుడిచిపెట్టుకుపోతాయి. నత్తలకు యుద్ధమేమిటని నవ్వు మొదలవుతుంది. నవ్వుతున్నది ఎవర్ని చూసో అర్థమయ్యేసరికి రెండు పేజీలు గడిచిపోతాయి.

ఇంగ్లండు వాళ్ళు ఇదే సంగతిని అచ్చంగా హాస్యం చేసేశారు. 1988లో బీబీసీ టెలివిజన్‌లో ‘రెడ్ డ్వార్ఫ్’ అని మొదలైంది. అంతరిక్షనౌకలో అట్టడుగు నౌకరు లిస్టర్. దొంగచాటుగా పిల్లిని తెచ్చాడని శిక్షవేసి, కాలం కదలని గదిలో పెడతారు. ఈలోగా ప్రమాదం జరిగి అందరూ చనిపోతారు. ఇతగాడు లేచేసరికి ముప్ఫై లక్షల ఏళ్ళు! ఒంటరితనంతో మతి పోకుండా ఓడ నడిపే యంత్రం ఇతనికొక తోడును తయారుచేసి పెడుతుంది — చచ్చిపోయిన తోటివుద్యోగి రూపాన్ని వెలుగుతో. ఆ మహానుభావుడు ఇతనికన్నా ఒకే ఒక్క మెట్టు పై అధికారి. మనుషులంతా పోయినా, రూల్సు చెప్పి సాధించేవాడు మాత్రం పోలేదన్నమాట! ఆఫీసుల్లో పనిచేసే పాఠకులకు ఇక్కడ వ్యాఖ్యానం అవసరం లేదు.

మన సినిమాల్లో అంత ఒంటరితనం కనిపించదు. సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది. అందులో 2504వ సంవత్సరానికి వెళితే జనం భూగర్భంలో బతుకుతున్నారే గాని, బాగానే మిగిలారు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లోనూ కాశీ పట్టణం మిగిలింది. ఒక్కణ్ణే వదిలిపెట్టటానికి తెలుగువాడికి చెయ్యాడదు కాబోలు.

పురాణాల వాళ్ళకు అంత మొగమాటం లేదు. ప్రళయంలో భూమి అంతా ఏకార్ణవమయింది. మా మెట్టుగుట్ట కాదుగదా, మేరువు కూడా ఆనవాలు లేదు. ఆ నీళ్ళమీద మార్కండేయుడొక్కడే తిరుగుతున్నాడు. ఎటు చూసినా నీళ్ళే, పలకరించే దిక్కు లేదు. అంతలో ఒక పసిబాలుడు కనబడి, "భయపడకు నాయనా" అన్నాడు. మత్స్యపురాణం ప్రకారం మహర్షికి ఎక్కడలేని కోపం వచ్చింది. వేల ఏళ్ళ తపస్సు చేసినవాణ్ణి, బ్రహ్మ కూడా గౌరవించేవాణ్ణి, నన్ను పట్టుకుని ‘నాయనా’ అంటాడా! లోకమంతా మునిగింది గాని, ఈయన పెద్దరికం మునగలేదు. లిస్టర్ ఓడలోని అధికారికి ఈయన పెద్దన్నయ్య.

అన్నట్టు, మా మడికొండలో మరమగ్గాల పార్కు వుంది. బతుకుతెరువుకు సూరతు, భివండి వెళ్ళిన నేతవాళ్ళు కొందరు ఇక్కడికి తిరిగి వచ్చి మగ్గాలు పెట్టుకున్నారు. ఆయన కొడుకు భావనారుషి తమ మూలపురుషుడని పద్మశాలీలు చెప్పుకుంటారు. లోకంలో ఒక్కడే మిగిలాడన్న మనిషికి ఇంతమంది మనవలు!

ఈ కథల్లో ఒక తమాషా గమనించారా? ఒక్కడే మిగిలాడంటూ మొదలుపెట్టినవాడెవడూ ఆ ఒక్కణ్ణి ఎక్కువసేపు ఒక్కణ్ణిగా వుంచలేడు. నత్తనో, వెలుగుబొమ్మనో, పసిపిల్లవాడినో తెచ్చి ఎదురుగా నిలబెట్టవలసిందే. అప్పుడే నవ్వుకు చోటు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక నాకిది వ్యాకరణంలా కనిపిస్తుంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’ అని మనకు రెండు మాటలున్నాయి. ఇంగ్లీషుకు ఈ భాగ్యం లేదు. ఆఖరి మనిషికి ఈ రెండూ పోతాయి. ‘నువ్వు’, ‘మీరు’ పోతాయి. ‘నేను’ మిగిలిందనుకుందామా? ఎవరితో అంటాడు?

ఇది కట్టుకథ కాదు, ఒకావిడకు నిజంగానే జరిగింది. అండమాన్ దీవుల్లో బో అనే భాష వుండేది. దాన్ని మాట్లాడగలిగిన ఆఖరి మనిషి బోవా సీనియర్ అనే ముసలావిడ. 2010 జనవరిలో, సుమారు ఎనభై అయిదేళ్ళ వయసులో పోయింది. 2004 నాటి సునామీని కూడా తట్టుకుని బతికింది. చుట్టూ మనుషులు లేకపోలేదు. తన భాష వచ్చినవాళ్ళు లేరు, అంతే. ఇతరులతో మాట్లాడటానికి అక్కడి హిందీ నేర్చుకుంది. ఆమె మాటలను రికార్డు చేసి భద్రపరచిన ఆచార్య అన్వితా అబ్బీ చెప్పినదాన్నిబట్టి, ఆవిడ తన భాషలో పిట్టలతో మాట్లాడేదట. పిట్టలతో మాట్లాడే ముసలమ్మ అంటే కథలో అయితే నవ్వుతాం.

మన భారతం అరణ్యపర్వంలో ఇంద్రద్యుమ్నుడి కథ వుంది. భూమిమీద పేరు తలుచుకునేవాడు లేడని ఆ రాజును స్వర్గంనుంచి తోసేశారు. అతను మార్కండేయుడి దగ్గరకొచ్చి, "నన్నెరుగుదువా?" అన్నాడు. ఎరగనన్నాడు. "నీకన్నా పాతవాడెవరైనా వున్నారా?" హిమాలయంలో ఒక గుడ్లగూబ వుంది. అంతదూరం నడవాలా అంటే, రాజు తానే గుర్రమై మహర్షిని మోసుకుపోయాడు. గుడ్లగూబ కాసేపాలోచించి, ఎరగనన్నది. తనకన్నా పాతదని ఒక కొంగను చూపించింది. కొంగ కూడా పెదవి విరిచి, చెరువులో వున్న తాబేలు పేరు చెప్పింది. తాబేలు గట్టెక్కి, రాజును చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎరగకపోవటమేమిటి? నీవు దానమిచ్చిన ఆవుల గిట్టల తొక్కిడికే గదా ఈ చెరువు ఏర్పడింది! నేనుండేది ఇందులోనే."

ఆ మాటతో స్వర్గంనుంచి రథం దిగింది. రాజు వెంటనే ఎక్కలేదు. కాస్త ఆగమని చెప్పి, ముందు ఆ ముసలివాళ్ళిద్దరినీ, మార్కండేయుణ్ణీ గుడ్లగూబనూ, ఎవరిచోట వాళ్ళను దింపి వచ్చాడు.