సర్కారు ఫోను నెంబరు పైరవీకారు జేబులో!

సంగారెడ్డి జిల్లాలో ఒక వ్యవసాయ కూలీకి తాశీల్దారు ఆఫీసుతో పని పడింది. సారు ఇవాళ ఉన్నాడా, క్యాంపుకు పోయిండా, ఫైలు కదిలిందా లేదా తెలుసుకోవాలి. దీనికి రెండు నిమిషాల ఫోను చాలు. కాని ఆ ఫోనుకు కావలసిన నెంబరు కూలీ దగ్గర లేదు. అది ఎవరి దగ్గర ఉన్నదంటే, మండల కేంద్రంలో జిరాక్సు దుకాణం ముందు కుర్చీ వేసుకొని కూర్చునే పైరవీకారు దగ్గర ఉన్నది. కూలీ ఒకరోజు కూలి పోగొట్టుకొని, చార్జీ పెట్టుకొని వచ్చి, "సారు లేడు, సోమవారం రా" అనిపించుకొని తిరిగిపోతాడు. పైరవీకారు సెల్లు తీసి "నమస్తే సార్" అని ఒక్క మాట మాట్లాడి, ఆ మాటకు ఐదు వందలో వెయ్యో గుంజుకుంటాడు.

భూమి సమస్య, కూలి రేట్ల సమస్య, ఫ్యాక్టరీల విషం సమస్య ఉండగా ఫోను నెంబర్ల గొడవ ఏమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఆ సమస్యల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక దఫ్తరు ముందుకు పోయి ఆగుతుంది కదా! ఏ దఫ్తరు, ఏ అధికారి, ఎన్నాళ్లలోపల అన్నది తెలియకపోతే ఎంత న్యాయమైన కోరికైనా గడువు దాటిపోతుంది. ఈ సంగతి పాలకులకు బాగా తెలుసు. మనకే తెలియవలసి ఉన్నది.

నిజాం కాలం నుంచి మన పల్లెల్లో పెత్తనమంతా కాగితం ఎవరి పెట్టెలో ఉంటే వారిదే. పహాణీ పట్వారీ ఇంట్లో ఉండేది, కాబట్టి భూమి ఎవరిదో చెప్పేవాడు పట్వారీ. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, పాలన గడప దగ్గరికి వచ్చిందన్నారు. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లాను మూడుగా చీల్చి సంగారెడ్డిని వేరే జిల్లా చేశారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారులను తీసేశారు, ధరణి తెచ్చారు. 2025లో ధరణి పోయి భూభారతి చట్టం వచ్చింది, గ్రామ పాలన అధికారులు వచ్చారు. ప్రతి మార్పు తరువాతా పాత నెంబరు మూగబోయింది, కొత్త నెంబరు ఎవరూ చెప్పలేదు. పట్వారీ పెట్టె పోయింది గాని పెట్టె తాళం మాత్రం పైరవీకారు చేతికి వచ్చింది.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఇక్కడ ఒక్క మనిషి ఒక్క సమస్యకు నాలుగు ప్రభుత్వాలు. రామచంద్రాపురం మండలం రెవెన్యూ లెక్కలో సంగారెడ్డి జిల్లా, పోలీసు లెక్కలో సైబరాబాదు, మురికి కాలువ లెక్కలో నగర కార్పొరేషను. అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారం మునిసిపాలిటీలను 2025 డిసెంబరులో గ్రేటరులో కలిపారు. నిన్నటి మునిసిపల్ కమిషనరు నెంబరు రాసి పెట్టుకున్నవారికి ఆ చీటీ ఇక చెల్లలేదు. ఇండస్ట్రియల్ ఏరియాల్లో అయితే పంచాయతీదీ కాదు, మునిసిపాలిటీదీ కాదు. పరిశ్రమల మౌలిక సదుపాయాల కార్పొరేషను కింద 'ఐలా' అని ఒక లోకల్ అథారిటీ పన్ను వసూలు చేస్తుంది. గేటు బయట పొలంలో పనిచేసే కూలీకి ఐలా అనే పేరే తెలియదు. ఫ్యాక్టరీ నీళ్లు చేనులోకి వస్తే సర్పంచిని అడుగుతాడు. సర్పంచి "గది మా చేతుల లేదు" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. ఎవరి చేతిలో ఉన్నదో మాత్రం చెప్పడు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది ఒడిశా, బీహారు, జార్ఖండు వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే తప్ప ఎవరి శవమో గుర్తించలేని స్థితి. కొందరి ఆనవాళ్లే దొరకలేదు. వాళ్ల బంధువులు ఆసుపత్రి దగ్గరికీ, ఫ్యాక్టరీ గేటు దగ్గరికీ రోజుల తరబడి తిరిగారు. ప్రమాదం జరిగిన తరువాత కలెక్టరేటులో కంట్రోలు రూము పెట్టి నెంబరు ప్రకటించారు. పెట్టవలసిందే, తప్పు పట్టడం లేదు. ప్రమాదానికి ముందు రోజు యంత్రం దగ్గర ఏదో తేడాగా ఉన్నదని ఒక కాంట్రాక్టు కార్మికునికి భయం వేస్తే, పేరు బయటపడకుండా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు చెప్పడానికి అతనికి ఏ నెంబరు తెలుసు? ఒడియా భాషలో ఎత్తేవారు ఎవరు? చావుకు ఫోను నెంబరు ఉన్నది, చావు రాకుండా ఆపడానికి లేదు.

చట్టంలో ఇది లేక కాదు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970 కింద వచ్చిన కేంద్ర నియమాల్లో, పని స్థలంలో కూలి రేట్లు, పని గంటలు, జీతం రోజు, దానితోపాటు ఆ ప్రాంతపు ఇన్‌స్పెక్టరు పేరు, చిరునామా కార్మికులకు అర్థమయ్యే భాషలో బోర్డు మీద పెట్టాలని రాసి ఉండేది. ఆ బోర్డు చూశారా అని నేను అడిగిన కార్మికుల్లో చూశామన్నవారు వేళ్ల మీద లెక్క. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమలులోకి తెచ్చి, ఆ చట్టంతో కలిపి 29 చట్టాలను చుట్టకట్టారు. ఇన్‌స్పెక్టరు పేరు కూడా 'ఇన్‌స్పెక్టరు కమ్ ఫెసిలిటేటరు' అయింది. ఎవరికి ఫెసిలిటేటరు అన్నది యాజమాన్యాలకు తెలుసు.

భూసేకరణ సంగతి చూద్దాం. జహీరాబాదు దగ్గర ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 'నిమ్జ్' పేరుతో 12 వేలకు పైగా ఎకరాలు తలపెట్టారు. ఇంకోవైపు రీజినల్ రింగు రోడ్డు సంగారెడ్డి పొలాల మీదుగా పోతున్నది. రెండూ భూమి తీసుకోవడమే గాని చట్టాలు వేరు. రోడ్డుకు జాతీయ రహదారుల చట్టం 1956. పరిహారం చాలకపోతే ఆర్బిట్రేటరు దగ్గరికి పోవాలి. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే 64వ సెక్షను ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి, అథారిటీకి పంపమని. అవార్డు ప్రకటించిన నాడు రైతు హాజరై ఉంటే ఆ తేదీ నుంచి ఆరు వారాలే గడువు. హాజరు లేకపోతే నోటీసు అందినప్పటి నుంచి ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందయితే అది. ఆరు వారాలంటే ఆరు సోమవారాలు. రెండు సోమవారాలు సారు లేడు, ఒక సోమవారం సెలవు, ఒకసారి "ఫైలు ఆర్డీవో దగ్గరున్నది" అని, ఇంకోసారి ఆర్డీవో దగ్గర "కలెక్టరేటుకు పంపినం" అని. అయిపోయింది లెక్క.

ఇక్కడ కూలీ సోదరులు గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. ఆ 2013 చట్టంలో నష్టపోయిన కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూముల మీద పనిచేసి బతుకుతున్న వ్యవసాయ కూలీ కుటుంబం, కౌలుదారు కుటుంబం కూడా లెక్కలోకి వస్తాయి. పునరావాసం మీద అభ్యంతరం కూడా 64వ సెక్షను కిందనే పెట్టవచ్చు. పట్టాదారుకు కనీసం నోటీసు వస్తుంది. భూమి లేనివానికి నోటీసు ఎవరు పంపుతారు? అతనికి ఆ ఆఫీసు నెంబరు మరింత అవసరం.

ఇక కోర్టులు. నక్కవాగు పరివాహక గ్రామాల రైతుల కేసు చూడండి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల విషపు నీళ్ల మీద 1990లో సుప్రీంకోర్టులో రిట్టు పడింది. పంట నష్టం విచారించే బాధ్యత సంగారెడ్డిలో ఉన్న జిల్లా జడ్జీకి వచ్చింది. 2001లో కేసు హైదరాబాదు హైకోర్టుకు పంపారు. 2013లో గ్రీన్ ట్రిబ్యునలుకు, అంటే మద్రాసుకు. 2017లో ట్రిబ్యునలు తీర్పు. కేసు ఢిల్లీ నుంచి సంగారెడ్డికి, హైదరాబాదుకు, మద్రాసుకు తిరుగుతుంటే బావి నీళ్లు ఎర్రబడిన రైతు ఏ ఊరికి ఫోను చేయాలి? ఆ 27 ఏళ్లలో తండ్రి పోయి కొడుకు వచ్చిన ఇళ్లు ఉన్నాయి.

కోర్టుకు ఫోను చేసి జడ్జీగారితో మాట్లాడటం అనేది లేదు, ఉండకూడదు కూడా. మనకు కావలసింది పేషీ తేదీ. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఎన్.ఆర్. నెంబరు ఒకటి ఉంటుంది. వకీలును మొట్టమొదట అడగవలసింది అదే. ఫీజు రసీదు అడగడానికి మొహమాటపడేవారు ఇదన్నా అడగాలి. మామూలు బటను సెల్లులోనైనా సరే, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఈకోర్ట్స్' అని కొట్టి, ఒక ఖాళీ విడిచి, ఆ నెంబరు వేసి 9766899899కు మెసేజి పంపితే వాయిదా ఎప్పుడో జవాబు వస్తుంది. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు వచ్చి మెదక్, సిద్దిపేట కేసులు సంగారెడ్డి నుంచి విడిపోయాయి. పాత కేసులున్నవారు తమ ఫైలు ఎక్కడికి పోయిందో దీనితోనే చూసుకోవచ్చు.

వకీలును పెట్టుకునే శక్తి లేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది, నెంబరు 15100, పైసా ఖర్చు లేదు. 1987 చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీ, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక ప్రమాద బాధితులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి హక్కుదారులు. మిగతా పేదలకు ఆదాయ పరిమితి ఉన్నది. పాశమైలారంలో కాంట్రాక్టు కింద పనిచేసే మన ఊరి పిల్లగాడు పారిశ్రామిక కార్మికుడే. ఈ మాట వానికి చెప్పండి.

సెల్లులో వెతికితే దొరుకుతుంది కదా అని చదువుకున్న పిల్లలు అంటారు. కొంతవరకు నిజమే, జిల్లా వెబ్‌సైటులో అధికారుల పట్టిక ఉంటుంది, అదే నమ్మదగినది. కాని ఊరికే వెతికితే పైన వచ్చే నెంబర్లలో దొంగల నెంబర్లు కలిసి ఉంటాయి. "పైసలు పడతాయి, ఓ.టి.పి. చెప్పక్కా" అంటారు. ఏ సర్కారు దఫ్తరూ ఇట్లా ఫోనులో ఓ.టి.పి. అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఇక గోడ మీద రాసిన నెంబర్ల సంగతి. పేరెందుకు గాని, ఒక మండల కార్యాలయం బోర్డు మీద ఉన్న ల్యాండు లైనుకు నేను చేస్తే 'ఈ నెంబరు ఉపయోగంలో లేదు' అని వచ్చింది. అడిగితే, ఫోను తీసేసి చాలా రోజులైందట. బోర్డుకు మాత్రం కొత్త రంగు వేశారు!

సమాచార హక్కు చట్టం 2005లో 4వ సెక్షను కింద ప్రతి ఆఫీసూ 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. అందులో అధికారులు, ఉద్యోగుల డైరెక్టరీ ఒకటి. వారి నెల జీతం కూడా ప్రకటించాలి (ఇది చదివి కొందరు ఉలిక్కిపడతారు). చట్టం వచ్చిన 120 రోజుల్లో ఈ పని కావాలన్నారు. 20 ఏళ్లు దాటింది. కాబట్టి అడుక్కోవలసిన పని లేదు, ప్రతి ఊరి సంఘం అర్జీ పెట్టాలి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువనున్నవారు రుజువు జతచేస్తే అదీ లేదు. రాయరానివారు నోటితో చెబితే రాసిపెట్టే బాధ్యత సమాచార అధికారిదే, 6వ సెక్షనులో ఉన్నది. అర్జీ ఒక ఆఫీసులో పెట్టారు, సమాచారం ఇంకో ఆఫీసులో ఉన్నది అనుకోండి. దాన్ని ఐదు రోజుల్లో అక్కడికి పంపవలసింది వాళ్లే, "ఇది మాది కాదు, అక్కడికి పో" అనడానికి వీల్లేదు. కోర్టులకు మాత్రం హైకోర్టు చేసిన వేరే నియమాలు, ఫీజులు ఉన్నాయి.

అర్జీలో రాయవలసింది ఇంతే: మీ ఆఫీసులో ప్రస్తుతం పనిచేస్తున్న ప్రతి అధికారి హోదా, అతని పరిధిలోని గ్రామాలు, ప్రభుత్వం ఇచ్చిన ఆఫీసు సెల్లు నెంబరు, ప్రజలను కలిసే రోజు, వేళ; ఈ వివరాలు బోర్డు మీద ఏ తేదీన రాశారు; బదిలీ అయితే బోర్డు మార్చే బాధ్యత ఎవరిది. సొంత నెంబర్లు అడగవద్దు, హోదాతో వచ్చే నెంబరు చాలు, సారు మారినా అది మారదు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తరువాత 30 రోజుల్లో పై అధికారికి అప్పీలు. ముద్ర ఉన్న ప్రతి సంఘం దగ్గర ఉండాలి, జవాబు వచ్చిన నాడు పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.