82 దగ్గర ఆ క్యాచ్ పట్టి ఉంటే

2025 అక్టోబర్ 30 రాత్రి, నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియం. ప్రపంచ కప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా చేసిన 338 పరుగుల్ని మన అమ్మాయిలు ఇంకా తొమ్మిది బంతులు ఉండగానే దాటేశారు. మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని అంతకు ముందు ఎవరూ కొట్టలేదు. జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్. ఆట అయ్యాక మైకు ముందు ఏడుస్తూ ఆమె మొట్టమొదట యేసుకి కృతజ్ఞత చెప్పింది. ఒంట్లో బలం అయిపోతుంటే నిర్గమకాండంలోని ఒక వాక్యాన్ని తలుచుకుంటూ నిలబడ్డానంది.

అంతే, రెండు వైపుల నుంచి లేచారు. ఒకవైపు ‘ఆటలోకి మతం తెస్తావా’ అన్నవాళ్ళు. రెండోవైపు మనవాళ్ళే, పాస్టర్లు. ఆ వీడియో వెనక కీబోర్డు సంగీతం పెట్టి, ‘చూశారా, నమ్ముకున్నవాళ్ళని దేవుడు గెలిపిస్తాడు’ అని ఊరూరా తిప్పారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

మొదటివాళ్ళ సంగతి చూద్దాం. 2025 జనవరిలో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తిరుమల మెట్లు మోకాళ్ళ మీద ఎక్కాడు. అంతకు కొన్ని రోజుల ముందే మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టి వచ్చాడు. తెలుగువాళ్ళంతా ముచ్చటపడ్డాం, నేనూ పడ్డాను. అది అతని భక్తి, అతని మోకాళ్ళు. ఆటలోకి మతం తెచ్చాడని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మరి ముంబయి అమ్మాయి నోట ఒక పేరు వినపడగానే ఆట ఎందుకు మైలపడింది? ఈ దేశంలో ఒక మతం గాలిలాంటిది, పీల్చినా ఎవరికీ కనపడదు. మిగతావి మాత్రం పొగ.

2024 అక్టోబర్‌లో ఇదే అమ్మాయికి ముంబయి ఖార్ జింఖానా ఇచ్చిన గౌరవ సభ్యత్వాన్ని సర్వసభ్య సమావేశం పెట్టి తీసేశారు. తండ్రి అక్కడి హాలులో మత సమావేశాలు పెట్టాడన్నది నింద. నిబంధనల ప్రకారం హాలు తీసుకుని ప్రార్థన చేసుకున్నాం, మతం మార్చలేదని ఆయన చెప్పాడు. ఏడాది తిరిగేసరికి అదే అమ్మాయి దేశానికి బిడ్డ అయింది. మొన్నటి దాకా అనుమానించినవాళ్ళకి ఇప్పుడు ఆమె పరుగులు కావాలి, ప్రార్థన మాత్రం వద్దు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా నాకిది కొత్త కాదు. జాషువా పద్యానికి చప్పట్లు కొట్టిన చేతులే జాషువాని దూరంగా కూర్చోబెట్టాయి. పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవులూ ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు.

‘జెమీమా దళిత పేట అమ్మాయి కాదు కదా, నీకెందుకు’ అని ఒక మిత్రుడు అడిగాడు. మనకి ఎందుకో క్రికెట్ చరిత్రే చెబుతుంది. బొంబాయిలో ఒకప్పుడు మతాలవారీగా పోటీలు జరిగేవి. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ హిందూ జట్టుకి వికెట్లు తీసిపెట్టాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా తీశాడు. అంతకు ముందు పూనాలో టీ విరామం వస్తే ఆయనకి మాత్రం మైదానం బయట, మట్టి కప్పులో. హిందూ జట్టుకి కెప్టెన్ కూడా కానివ్వలేదు.

1937లో ఐదో జట్టు వచ్చింది. దాని పేరు ‘ది రెస్ట్’, అంటే మిగతావాళ్ళు. భారత క్రైస్తవుల చోటు అక్కడే. మరాఠీ ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టిన విజయ్ హజారే ఆ జట్టు తరఫున ఆడాడు. 1943 ఫైనల్లో హిందువులు 581 కొట్టి డిక్లేర్ చేశారు. మిగతావాళ్ళు 133కే కూలి, ఫాలోఆన్‌లో 387 చేశారు. అందులో 309 హజారే ఒక్కడివే! అవతలి ఎండ్‌లో తమ్ముడు వివేక్ 21 పరుగులతో గోడలా నిలబడితే ఆరో వికెట్‌కి 300 వచ్చాయి. అయినా ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయారు. 1952లో మద్రాసులో ఇంగ్లండ్ మీద భారత్ మొట్టమొదటి టెస్టు గెలిచినప్పుడు కెప్టెన్ ఈ ‘మిగతావాడే’.

ఆ 309ని చూపించే ఇప్పుడు మన పాస్టర్లని అడుగుతున్నాను. ఇన్నింగ్స్ తేడాతో ఓడిన ఆ రోజు దేవుడు ఏ జట్టులో ఉన్నాడు? సెమీఫైనల్లో జెమీమా 82 మీద ఉన్నప్పుడు అలిస్సా హీలీ క్యాచ్ వదిలేసింది. హీలీ చేతులు గట్టిగా పట్టి ఉంటే ఆ రాత్రి యేసు ఓడిపోయేవాడా? అదే టోర్నీలో శ్రీలంక మీద సున్నా, దక్షిణాఫ్రికా మీద సున్నా, ఇంగ్లండ్ మ్యాచ్‌కి జట్టులోనే లేదు. ఆందోళనతో రోజూ ఏడ్చానని తనే చెప్పింది. ప్రార్థన అప్పుడూ ఉంది. కానీ ఆ ఏడుపుకి ఎవరూ కీబోర్డు పెట్టరు. మన సభల్లో సాక్ష్యం చెప్పడానికి ఉద్యోగం వచ్చినవాణ్ణీ వీసా వచ్చినవాణ్ణీ పిలుస్తారు. డీఎస్సీ మూడోసారి పోయిన అమ్మాయికి మైకు ఎప్పుడైనా ఇచ్చారా?

ఆమె తలుచుకున్న ఆ వాక్యం ఎవరితో చెప్పిందో కూడా చదవండి అయ్యగార్లూ. వెనక ఫరో సైన్యం, ముందు సముద్రం, మధ్యలో ఇటుకలు చేసీ చేసీ చేతులు కాయలు కాచిన బానిసలు. చాంపియన్లతో చెప్పిన మాట కాదది. మన తాతలు గెలిచి గుడికి వెళ్ళలేదు. ఊరి బావి ఇవ్వక, బడి ఇవ్వక, పేరు పెట్టి పిలవక ఊరు తరిమితే, పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం చెప్పిన చోటికి వెళ్ళారు. ఆ విశ్వాసానికి స్కోరుబోర్డు ఎప్పుడూ లేదు. గెలుపే రుజువైతే, ఓడిన ప్రతి పేటా దేవుడు వదిలేసిన పేటే అవుతుంది. కర్మ సిద్ధాంతం చెప్పేదీ అదే కదా, దాన్నే కొత్త సీసాలో పోసి మన పిల్లలకి తాగించకండి.

మా కాలేజీ గ్రౌండ్‌లో పరుగు పందెం ముందు కొందరు పిల్లలు కళ్ళు తెరిచే ప్రార్థన చేసుకుంటారు. పెదాలు కూడా కదలవు. పక్కవాడు నుదుటన బొట్టు పెట్టుకుని, గీతకి దండం పెట్టి నిలబడతాడు. వీళ్ళకి ఆ వెసులుబాటు లేదు. రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. సర్టిఫికెట్‌లో ‘హిందూ’ అని ఉంటేనే ఎస్సీ. క్రీస్తు అని రాస్తే బీసీ-సీ, ఒక్క శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులకి మాత్రమే అని గీసిన గీతని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం జరిపారు, మన దగ్గర ఆపేశారు. పాస్టరుగా ఉన్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. మతం మారితే కులం పోయిందని చట్టం అంటుంది. కొట్టినవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు.

జెమీమా మైకులో అన్న మాటని మన పిల్లాడు స్టార్టింగ్ లైన్ దగ్గర పైకి అంటే ఎదురయ్యేది ట్రోలింగ్ ఒక్కటే కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ మాటకి వేలాడుతుంటాయి. పిల్లల మౌనాన్ని పిరికితనం అనే పాస్టర్లు, దొంగతనం అనే నాయకులు ఇద్దరూ ఒకసారి ఆ గీత దగ్గరికొచ్చి నిలబడి చూడండి.

ఆ ఉత్తర్వులోని మూడో పేరా సంగతి వచ్చే వారం వివరంగా రాస్తాను. ఈలోగా మీ కుల ధ్రువీకరణ పత్రం బీరువాలోంచి తీసి, అందులో మీ మతం దగ్గర ఏం రాసి ఉందో చూసి పెట్టుకోండి.