విత్తనానికి అడిగే బిల్లు పవర్ బ్యాంకుకూ అడగాలి



మా వినుకొండ ప్రాంతంలో మిరప విత్తనం కొనే రైతు ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి లాట్ నంబరు చూస్తాడు, గడువు తేదీ చూస్తాడు, బిల్లు రాయించుకుని పంట చేతికొచ్చేదాకా దాచిపెడతాడు. నకిలీ విత్తనాలతో తిన్న దెబ్బలు నేర్పిన జాగ్రత్త అది. అదే రైతు పవర్ బ్యాంకు కొనేటప్పుడు మాత్రం డబ్బా మీది అంకె చూసి, బేరమాడి, జేబులో వేసుకుని వచ్చేస్తాడు. నేనూ అలాగే కొన్నాను. ఆ పద్ధతి మారాలని ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో కల్లంలో కాయలు ఆరబోసి కాపలా పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మెరుపులు మొదలయ్యాయి. పట్టాలు కప్పడానికి మనుషుల్ని పిలుద్దామంటే ఫోన్‌లో నాలుగు శాతమే చార్జింగ్. '30000 ఎంఏహెచ్' అని రాసి ఉన్న పవర్ బ్యాంకు తగిలించాను. పది శాతం ఎక్కకముందే దాని లైటు ఆరిపోయింది. ఒక్కణ్నే పరుగులు పెట్టి కప్పగలిగినన్ని కప్పాను. మిగతావి తడిసి తాలుకాయలయ్యాయి. తర్వాత ఫోన్లు బాగుచేసే కుర్రాడు దాన్ని విప్పితే లోపల ఒకే ఒక్క సెల్లు, బరువు కోసం ఇసుక పొట్లం ఉన్నాయి.

అలాంటి గుండ్రటి సెల్లు ఒక్కోటి మహా అయితే 3500 ఎంఏహెచ్ పడుతుంది. 30000 కావాలంటే తొమ్మిది సెల్లులుండాలి, మొత్తం అరకిలోకు దగ్గరగా తూగాలి. అంకె పెద్దదై చేతికి తేలిగ్గా తగిలితే అది అబద్ధమని అక్కడే తేలిపోతుంది. బరువుంటే మాత్రం నిజమని నమ్మడానికి లేదు, ఇసుక ఉంటుందని చూశాం కదా.

నిజాయతీగా తయారైన 10000ది కూడా ఫోన్‌కు అంతా ఇవ్వదు. ఆ అంకె లోపలి సెల్లు 3.7 వోల్టుల లెక్క. దాన్ని 5 వోల్టులకు మార్చి పంపడంలో అంకె తగ్గుతుంది, కొంత వేడిగా పోతుంది. చివరికి అందేది సుమారు ఆరువేలు. 'రేటెడ్ కెపాసిటీ' అని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే. మనం చూడాల్సిందీ ఇదే. 5000 బ్యాటరీ ఉన్న ఫోన్ దీంతో ఒకసారి నిండుగా ఎక్కుతుంది, ఆపైన ఇంకొంత మిగులుతుంది. రోజూ జేబులో తిప్పడానికి అది చాలు. తుపాను రోజులకు ఇంట్లో 20000ది ఒకటి ఉంచుకోవాలి. పాత 10 వాట్ల చార్జరుతో అది నిండడానికి తొమ్మిది పది గంటలు పడుతుంది కాబట్టి, 18 వాట్లకు తగ్గకుండా చార్జింగ్ తీసుకునే రకం మేలు.

నాసిరకం పవర్ బ్యాంకుతో నష్టం కల్లంతో ఆగదు. మా ఊళ్లలో ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే గుట్టగా పోసుకుంటాం, పిల్లలు ఆ పక్కనే పడుకుంటారు. నాసిరకం బ్యాటరీ అక్కడ అంటుకుంటే ఆర్పేందుకు వ్యవధి ఉండదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది. పవర్ బ్యాంకు లోపలి ఇన్సులేషన్ దెబ్బతినడమే కారణం కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. పత్తి ఉన్న గదిలో, దిండు కింద, ఎండలో నిలిపిన బండి డిక్కీలో పవర్ బ్యాంకును ఉంచకండి. ఉబ్బినదాన్ని పొడవకండి, వాడకండి.

మన దేశంలో పవర్ బ్యాంకుకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. బీఐఎస్ గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, బ్రాండు కనిపిస్తాయి. డబ్బా మీది పేరుతో అవి కలవకపోతే కొనొద్దు. దుకాణంలో నిలబడే ఈ పని చేయొచ్చు, రెండు నిమిషాలు చాలు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మనకు దగ్గర్లోనే, బాపట్ల వద్ద తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఫోన్లు ఆగిపోయి అయినవాళ్ల జాడ తెలియక ఎందరో అల్లాడారు. అలాంటి రోజున పవర్ బ్యాంకు ప్రాణాధారం. దాన్ని ఆటబొమ్మలా అమ్మకూడదు, కొనకూడదు.

అధికారులకు నా విన్నపం: విత్తనాల దుకాణాల్లో చేసినట్టే పవర్ బ్యాంకుల దుకాణాల్లోనూ తనిఖీలు చేయండి. వ్యాపారులకు: నంబరు లేని సరుకు తేకండి, అడగకపోయినా బిల్లివ్వండి. తోటి రైతులకు: బిల్లు దాచుకోండి, మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్నదాన్ని మూడు నెలలకోసారి చార్జింగ్ పెట్టి చూసుకోండి. రేపు కొనబోయేదానికి ముందు నంబరు అడగండి, ధర సంగతి తర్వాత.

– ఒక మిరప రైతు,
వినుకొండ, పల్నాడు జిల్లా