సాక్షి సంతకం పెట్టే ముందు

మన పర్సనల్ లా జోలికి ఎవరు వచ్చినా సభలు పెడతాము, సంతకాలు సేకరిస్తాము. పెట్టవలసిందే. కానీ అదే షరీఅత్‌ను మన ఇళ్లలో మనమే తుంగలో తొక్కుతున్న సంగతిని ఎన్నాళ్లు దాచుకుందాము?

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా అధ్యాయం కుమారునికి రెండు భాగాలైతే కుమార్తెకు ఒక భాగం నిర్ణయించింది. సంతానమున్న భర్త మరణిస్తే భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చింది. "జహేజ్ ఇచ్చాం కదా" అన్న ఒక్క మాటతో ఆడబిడ్డ వాటా మాయమవుతోంది. షరీఅత్ అడగని జహేజ్‌ను చూపి, షరీఅత్ ఇచ్చిన విరాసత్‌ను ఎగ్గొట్టడం ఏ న్యాయం?

వసీయత్ మూడో వంతు దాటరాదు. మిగతా వారసుల సమ్మతి లేనిదే ఒక వారసునికి చెల్లదు. అందుకే కొందరు కొడుకులు హిబా దారి పట్టి, వృద్ధుడైన తండ్రి చేత ఇల్లు తమ పేర రాయించుకుంటున్నారు. ఒక్క కుమారునికే కానుక ఇచ్చి సాక్షిగా ఉండమన్న తండ్రిని "పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా?" అని అడిగి, లేదన్నాక సాక్ష్యానికి నిరాకరించిన దైవప్రవక్త (స) ఆదర్శం వీరికి గుర్తు రాదా? హిబా పూర్తి కావాలంటే స్వాధీనం కూడా అప్పగించాలి. ఆనాటి నుంచి ఆ తండ్రి తన ఇంట్లోనే పరాయివాడు. రేపు ఆయన కన్నుమూస్తే తల్లికి ఎనిమిదో వంతు దక్కదు. బాకీ ఉన్న మెహర్ రాబట్టుకోవడానికీ ఆస్తి మిగలదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు రెవెన్యూ డివిజనల్ అధికారి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చూసుకుంటాననే షరతుపై 60 ఏళ్లు దాటినవారి ఆస్తి తీసుకుని చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అయితే ఆ షరతు రుజువు కావాలి. నోటి మాట నమ్మినవారికి అక్కడే చుక్కెదురవుతోంది. ఈ చట్టం ప్రకారం పోషణ బాధ్యత కుమార్తెకూ ఉంది. బాధ్యతలో లెక్కించిన బిడ్డను ఆస్తిలో మరిచిపోవడమేమిటి?

పెద్దలకు మా మనవి ఒక్కటే: ఊపిరి ఉన్నంతవరకు ఇంటిని మీ పేరనే ఉంచుకోండి. అప్పులు, మెహర్ బకాయి, దస్తావేజుల వివరాలు రాసిపెట్టండి. మస్జిద్ కమిటీలు ఏటా ఒక్క జుమా ప్రసంగాన్నైనా విరాసత్‌కు కేటాయించాలి. కుమార్తెల సమ్మతి లేని హిబానామాపై సాక్షి సంతకం పెట్టబోమని మొహల్లా పెద్దలు తీర్మానించాలి. ఇంటి ఆడబిడ్డకు ఇవ్వని హక్కును ప్రభుత్వాన్ని ఏ ముఖంతో అడుగుతాము?