నంబరు ఒక్కటే చాలదు

మానసిక సాయానికి చైనా దేశమంతటికీ 12356 అనే ఒకే ఫోన్ నంబరు తేవడం మంచి పనే. అయితే అరవై ఏళ్లు దాటిన 31 కోట్లకు పైగా జనంలో ఎందరు ఆ నంబరు నొక్కుతారన్నదే ప్రశ్న. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని నేర్చిన తరం అది. దిగులుగా ఉందని చెప్పదు. నిద్ర పట్టడం లేదని, గుండె బరువెక్కిందని చెప్పి మందుబిళ్లలు తెచ్చుకుంటుంది. 1980లో హునాన్‌లో నరాల బలహీనతతో ఆసుపత్రికి వచ్చిన వందమందిని అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ పరీక్షిస్తే, అత్యధికులది కుంగుబాటేనని తేలింది. నాటి యువతే నేటి వృద్ధులు. కౌన్సెలింగ్ గదికి వారే నడిచి రావాలనుకోవడం సరికాదు. బీపీ చూసే ఆరోగ్య కేంద్రంలో, మధ్యాహ్నం భోజనం పెట్టే క్యాంటీన్లో, వారి యాసలో మాట్లాడే సామాజిక కార్యకర్తలను నియమించాలి.

ఆ కార్యకర్తల జీతాలకు స్థానిక ప్రభుత్వాలు ఏటా బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి.